పాఠకుల ప్రశ్నలు: ఎకసెక్కం ఎవరి మీద?

ప్రశ్న: నాకు వెటకారం ఎక్కువ. ఆఫీసులో నవ్వుతారు, ఇంట్లో మా ఆవిడ నొచ్చుకుంటోంది. "ముందు నీ మీద నువ్వు నవ్వుకో" అన్నారొక పెద్దాయన. అదెలా? దాంతో నన్ను నేను తెలుసుకోగలనా?
– ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: తెలుసుకోవచ్చు. మనస్తత్వ శాస్త్రవేత్త రాడ్ మార్టిన్, ఆయన సహచరులు 2003లో ప్రచురించిన 32 వాక్యాల ప్రశ్నావళిలో హాస్యం నాలుగు రకాలు: నలుగురినీ కలిపేది, కష్టంలో మనసును నిలబెట్టేది, ఎదుటివాణ్ణి గుచ్చేది, మెప్పు కోసం తననే దిగజార్చుకునేది. మీది మూడోది. అది మానబోయి చాలామంది నాలుగోదాంట్లో పడతారు. "నేనో వెధవని" అని, "అబ్బే, అలా అనకండి" అనిపించుకోవడం నవ్వు కాదు, బేరం. మీకు కావలసింది రెండోది.

ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. రెండు వారాలు, రాత్రిపూట పది నిమిషాలు చాలు. ఆ రోజు ఉడుక్కున్న ఒక్క సంగతి, మూడు వాక్యాల్లో. జరిగింది: "కాంప్లెక్స్ దగ్గర ఆటో అతనితో పది రూపాయలకు గొడవపడ్డాను." మీకు మీరు చెప్పుకున్న సాకు: "డబ్బు కాదు, న్యాయం ముఖ్యం." మూడోది గిరీశం ఫాయాలో: "న్యాయరక్షణార్థం పోరాడిన వీరుడు ఇరవై రూపాయల జిలేబీతో సేదదీరెను."

గిరీశమే ఎందుకంటే, 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడిన 'కన్యాశుల్కం'లో ఆయన చుట్ట తాగడానికి కూడా పురాణాన్ని సాక్ష్యం పిలుస్తాడు. మన సాకులూ అంతే దర్జాగా ఉంటాయి. కాస్త పెంచి రాస్తే డొల్ల బయటపడుతుంది.

మొదటి వాక్యంలో ఎదుటివాళ్ల తప్పులు చేరితే పని చెడుతుంది, మళ్లీ వెటకారమే మిగులుతుంది. కోపం సలసల కాగుతుంటే మర్నాడు రాయండి. చావు, జబ్బు, నిజమైన అవమానం ఇందులోకి తేవద్దు. మూడో వాక్యం చదివితే నవ్వు రాకుండా దిగులేస్తే మిమ్మల్ని మీరు తిట్టుకుంటున్నట్టే, కొట్టేయండి. ఆఖర్న రెండో వాక్యాలన్నీ ఒక్కచోట చదవండి. ఒకే సాకు నాలుగైదు చోట్ల కనబడితే మీ గుట్టు అదే.

ఆవిడకు మాత్రం పుస్తకం చూపించి మెప్పించబోకండి. ముందు క్షమాపణ చెప్పండి, జోకు కలపకుండా.

ప్రశ్న: అయిదో తరగతి చదివే మా వాడు చుట్టాల ముందు నా మాటతీరు అనుకరించి నవ్విస్తాడు. ఆపనా?
– ఒక తల్లి, ఆమదాలవలస

జవాబు: ఆపకండి. ఏ మాట పట్టుకున్నాడో చూడండి. "సెప్తే ఇనవేటి" అని మీరు రోజుకెన్నిసార్లు అంటున్నారో మీకంటే వాడికే బాగా తెలుసు. ఒకరి ఒంటి లోపాన్ని అనుకరిస్తే మాత్రం చుట్టాలు వెళ్లాక గట్టిగా చెప్పండి.