‘నానా’ తిప్పలు: మాజీ సైనికుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే మాట కనపడింది: ‘నానా’. సివిల్ వాళ్ళకి అర్థం కాదు కాబట్టి చెబుతున్నాను. ‘నైదర్ ఆట్రిబ్యూటబుల్ నార్ అగ్రవేటెడ్’ అనే నాలుగు మాటలకి మెడికల్ బోర్డుల్లో వాడే పొట్టి పేరు అది. ఈ జబ్బు సర్వీసు వల్ల రాలేదు, సర్వీసు వల్ల ముదరనూ లేదు అని దానర్థం. తెలుగులో ‘నానా తిప్పలు’ అనే మాట మనకి ముందే ఉంది కనక కొత్తగా నేర్చుకోవాల్సిన పని లేకపోయింది.

ప్రశ్న: ఆర్టిలరీలో ఇరవై నాలుగేళ్ళు చేసి 2016లో హవల్దారుగా రిటైరయ్యాను. ఆఖరి మెడికల్ బోర్డులో ఎడమ చెవి వినికిడి లోపం 20 శాతం, బీపీ 30 శాతం, రెండూ కలిపి 40 శాతం అని వేశారు. 20, 30 కలిపితే 50 కదా? అది వదిలేయండి, అసలు డిజేబిలిటీ పెన్షనే ఇవ్వలేదు. ‘నానా’ అని ఉత్తరం వచ్చింది. అప్పీలు చేయాలని అప్పుడు తెలీదు. ఇన్నేళ్ళ తర్వాత అడగొచ్చా?
— మాజీ హవల్దార్, ప్రకాశం జిల్లా

జవాబు: హవల్దార్ గారూ, ముందు ఆ 40 సంగతి తేల్చేద్దాం. బోర్డు వాళ్ళు సంతలో లెక్కలా కూడరు. రెండు జబ్బులూ కలిసి మనిషి పనిని ఎంత తగ్గించాయో చూసి ఒకటే అంకె వేస్తారు. దానికి బాధపడకండి. 40 అయినా మీకు చివరికి 50 లెక్కే వస్తుంది, ఎలాగో కింద చెబుతాను.

డిజేబిలిటీ పెన్షన్‌కి గడపలు రెండు. వైకల్యం 20 శాతమైనా ఉండాలి. అది సర్వీసు వల్ల వచ్చి ఉండాలి, లేదా సర్వీసు వల్ల ముదిరి ఉండాలి. మొదటి గడప మీరు దాటారు. రెండో దాని దగ్గర ఆపేశారు.

ఎందుకు ఆపారో ఎప్పుడైనా చదివారా? మీకొచ్చిన తిరస్కరణ ఉత్తరం కాదు నేనడిగేది, బోర్డు కాగితం. ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-16 అని ఉంటుంది. అందులో ఒక్కో జబ్బుకి ఒక్కో వరస, పక్కన సర్వీసు వల్ల వచ్చిందా, ముదిరిందా, కారణమేంటి అని గళ్ళు. కారణం గడిలో చాలామందికి ఒక్క లైనే ఉంటుంది, సరిహద్దుకి దూరంగా ఉండే మామూలు కంటోన్మెంటులో జబ్బు మొదలైందని: ‘పీస్ స్టేషన్‌లో మొదలైంది’. అంతే. ఇరవై ఏళ్ళ ఉద్యోగానికి వాళ్ళు పెట్టిన సిరా అంత!

మిమ్మల్ని అడుగుతున్నానుగానీ, నేను చేసిన ఘనకార్యమూ అదే. ఇరవై ఎనిమిదేళ్ళు క్లర్కుగా చేసి సుబేదారుగా దిగినవాణ్ణి. ఊళ్ళో వాళ్ళందరి బోర్డు కాగితాలూ టైపు చేసిన చెయ్యి ఇది. 2011లో నా వంతు వచ్చేసరికి, సాయంత్రం బండికి రిజర్వేషన్ ఉందని, ఎక్కడ సంతకం చేయమంటే అక్కడ చేసేశాను. ఇంటికొచ్చి నెల తర్వాత ట్రంకు పెట్టెలో చూస్తే నా నడుం నొప్పికి 15 నుంచి 19 శాతం అని ఉంది. మామూలుగా సర్వీసు పూర్తి చేసుకుని వచ్చినవాడికి 20 లోపు ఉంటే డిజేబిలిటీ భాగం రాదు. సుప్రీంకోర్టు 2019లో ఎస్‌.పి. రాథోర్ కేసులో ఇదే తేల్చింది. కాబట్టి నాకు రాలేదు, రాదు. ఇలాంటి అంకె ఉన్నవాళ్ళు ఈ నెల ముగ్గురు రాశారు, వాళ్ళకీ ఇదే నా జవాబు. మీకు మాత్రం దారి ఉంది.

మనం చేరిన రోజు గుర్తుందా? బట్టలు విప్పించి నిలబెట్టారు. మోకాళ్ళు ఒకదానికొకటి తగులుతున్నాయేమో చూశారు. ఛాతీ 5 సెంటీమీటర్లు ఉబ్బుతుందా అని టేపు వేశారు. చెవుల్లో లైటు వేసి చూశారు. అన్నీ బాగున్నాయనే తీసుకున్నారు. చేరేటప్పుడు కాగితం మీద ఏ జబ్బూ రాయకపోతే మనిషి ఆరోగ్యంగా ఉన్నట్టే లెక్క, తర్వాత వచ్చింది సర్వీసుకి సంబంధించిందని రుజువు చేయాల్సిన బరువు సైనికుడి మీద లేదు, అనుమానం వస్తే అది సైనికుడికే కలిసి రావాలి, కాదనాలంటే బోర్డు కారణాలు రాయాలి అని సుప్రీంకోర్టు 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో చెప్పింది. ఈ పేరు, సంవత్సరం ఒక చీటీ మీద రాసి పెట్టుకోండి.

మీ చెవి సంగతి బీపీ కన్నా గట్టిది. ఫీల్డ్ రెజిమెంట్లో గన్ పక్కన నిలబడ్డ మనిషి ఎడమ చెవి పోతే, అది ఇంటి దగ్గర బోరింగు కొట్టి పోగొట్టుకున్నాడంటే ఎవరు నమ్ముతారు? కానీ నమ్మించాల్సింది కోపంతో కాదు, తేదీలతో. ఏ యూనిట్లో ఏ ఏడు నుంచి ఏ ఏడు వరకు ఉన్నారు, ఫైరింగ్ క్యాంపులెన్ని, చెవి పరీక్ష మొదట ఎప్పుడు చేశారు, అప్పుడు ఎంత వినపడేది, మెడికల్ కేటగిరీ ఎప్పుడు తగ్గించారు. బీపీ విషయంలో ‘జీవనశైలి జబ్బు’ అని ప్రభుత్వం తరఫున గట్టిగా వాదిస్తారు, ఆ వాదనకి తయారుగా ఉండండి. నిబంధనలో ఉన్న మాట ‘మిలిటరీ సర్వీస్’. ‘ఫీల్డ్ సర్వీస్’ అని లేదు. పీస్ స్టేషన్లో గార్డు డ్యూటీలు, సెలవు దొరకని పండగలు, ఇంటి దగ్గర కోర్టు గొడవ, ఇవన్నీ పీసులోనే ఉంటాయి. పీసు అన్న పేరు పెట్టినవాడెవడో గాని అందులో పని చేసినట్టు లేడు.

ఇప్పుడు చేయాల్సినవి. మీ రికార్డ్ ఆఫీసుకి బోర్డు ప్రొసీడింగ్సు, సర్వీసు మెడికల్ డాక్యుమెంట్ల నకళ్ళు కావాలని రాయండి. ఉలుకూ పలుకూ లేకపోతే సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల పోస్టల్ ఆర్డరు పెట్టి దరఖాస్తు చేయండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. కాగితాలు చేతికొచ్చాక మొదటి అప్పీలు. తిరస్కరించిన ఆరు నెలల్లోపు వేయాల్సింది, మీకు ఏళ్ళు గడిచాయి. అయినా ఆలస్యాన్ని మన్నించమని కారణం రాసి పెట్టండి. అదీ కొట్టేస్తే రెండో అప్పీలు, ఆ తర్వాత ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్. మన వాళ్ళకి చెన్నై బెంచి.

ఆలస్యం గురించి భయపడకండి. పెన్షన్ నెలనెలా రావాల్సింది కాబట్టి నెలనెలా జరుగుతున్న అన్యాయం కిందే చూడాలని 2008లో తర్సెమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అన్నది. కాకపోతే అదే తీర్పులో పాత బకాయిని కేసు వేసిన తేదీకి వెనక మూడేళ్ళకే పరిమితం చేసింది. మీరు ఊరుకున్న ప్రతి నెలా అవతలి చివర ఒక నెల డబ్బు రాలిపోతున్నట్టే.

ఇక లెక్క. వైకల్యం 100 శాతమైతే ఆఖరి జీతంలో 30 శాతం డిజేబిలిటీ భాగంగా ఇస్తారు. జీతం 40,000 అనుకుందాం, అది 12,000 అవుతుంది. మీ 40 శాతానికి 4,800. అయితే 50 లోపు ఎంతున్నా 50గా, 50 నుంచి 75 దాకా 75గా, ఆపైన 100గా సవరించే పద్ధతి ఉంది, బ్రాడ్ బ్యాండింగ్ అంటారు. మొదట్లో ఇది మధ్యలో ఇంటికి పంపేసిన వాళ్ళకే ఇచ్చేవారు. మీలాగా సర్వీసు పూర్తి చేసి వచ్చినవాళ్ళకీ వర్తిస్తుందని 2014 డిసెంబరు 10న రామ్ అవతార్ కేసులో తీర్పు వచ్చింది. అలా మీ 4,800 కాస్తా 6,000 అవుతుంది, పైన డియర్‌నెస్ రిలీఫ్ వేరే.

ఒక్క మాట. 2023 సెప్టెంబరు 21 నుంచి కొత్త నిబంధనలు వచ్చాయి, ‘ఇంపెయిర్‌మెంట్ రిలీఫ్’ అనే కొత్త పేరు అప్పుడు పుట్టిందే. మీరు 2016లో వచ్చారు కాబట్టి అవి మీకు కాదు. టీ కొట్టు దగ్గర ఎవరైనా ‘రూల్స్ మారిపోయాయి, నీకు రాదు’ అంటే విని ఊరుకోండి. బకాయిలో సగం నాకిస్తే తెచ్చిపెడతా అనేవాడు వస్తే మాత్రం ఊరుకోకండి, గుమ్మం చూపించండి. అప్పీలు రాయడానికి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో సాయం అడగొచ్చు.

ప్రశ్న: మా ఆయన నాయబ్ సుబేదారుగా రిటైరయ్యారు. రాత్రి రెండు గంటలకి గుండెనొప్పి వస్తే దగ్గర్లో ఉన్న ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్ళాం. అది ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) లిస్టులో లేదట. స్టెంటు వేశారు, పొలం మీద అప్పు తెచ్చి కట్టాం. డబ్బు తిరిగి వస్తుందా? రెండోసారి లిస్టులో ఉన్న ఆసుపత్రికే వెళ్తే అక్కడా ముందు డిపాజిట్ కట్టమన్నారు.
— ఒక సోదరి, కృష్ణా జిల్లా

జవాబు: అమ్మా, ప్రాణం మీదకొచ్చినప్పుడు లిస్టు చూసుకుని వెళ్ళమని ఏ నిబంధనా చెప్పదు. మీరు చేసింది సరైన పనే. అలాంటప్పుడు 48 గంటల్లోపు దగ్గరి ఆ పథకం పాలీక్లినిక్‌కి కబురు చేయాలి. మీ అబ్బాయి ఫోన్ చేశాడని రాశారు, ఏ రోజు, ఎన్ని గంటలకి, ఎవరు ఎత్తారు అన్నది ఇప్పుడే ఒక కాగితం మీద రాసిపెట్టండి. ఎమర్జెన్సీ అని డాక్టరు ఇచ్చిన సర్టిఫికెట్, డిశ్చార్జ్ సమ్మరీ, విడివిడిగా రాసిన అసలు బిల్లులు, రసీదులు, స్టెంటు మీదుండే స్టిక్కరు జతచేసి క్లెయిము పెట్టండి. అన్నిటికీ ముందు జిరాక్సులు తీసుకోండి.

డబ్బు మొత్తం రాదు. సీజీహెచ్‌ఎస్ (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల వైద్య పథకం) రేట్ల ప్రకారం ఎంతైతే అంత. ఆసుపత్రి వేసిన బిల్లుకీ ఆ రేటుకీ మధ్య తేడా మన నెత్తినే. వినడానికి చేదుగా ఉంటుంది, ముందే తెలిస్తే అప్పు తీర్చే లెక్క వేసుకుంటారని చెబుతున్నాను.

డిపాజిట్ సంగతి వేరు. ఒప్పందంలో ఉన్న ఆసుపత్రి కార్డు ఉన్న మనిషి దగ్గర వైద్యానికి ముందు డబ్బు అడగకూడదు. మూడేళ్ళ కిందట మా ఆవిడ బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగింది. రిఫరల్ పట్టుకుని ఒక ఆసుపత్రికి వెళ్ళాను. కౌంటర్లో కుర్రాడు తలెత్తకుండానే ‘ఈసీహెచ్‌ఎస్ బెడ్లు లేవు సార్, క్యాష్ అయితే చూద్దాం’ అన్నాడు. మా ఆవిడ స్ట్రెచర్ మీద కొంగు నోట్లో కుక్కుకుని ఉంది. ‘సరే బాబూ, అదే ముక్క కాగితం మీద రాసి, సంతకం పెట్టి, ముద్ర వేసివ్వు’ అని నా ఫైల్లోంచి తెల్ల కాగితం, పెన్ను తీసి బల్ల మీద పెట్టాను. అతను కాగితం కేసి చూశాడు, పెన్ను కేసి చూశాడు, లోపలికి వెళ్ళాడు. ఇరవై నిమిషాల్లో ‘సెమీ ప్రైవేట్లో ఒకటి ఖాళీ అయింది సార్’ అన్నాడు. అర్ధరాత్రి పూట ఇరవై నిమిషాల్లో ఏ రోగి ఇంటికెళ్ళాడో నాకిప్పటికీ తెలీదు.

ఆసుపత్రుల వైపు మాటా కొంచెం ఉంది. పంపిన బిల్లుల్లో కోతలు పడతాయి, డబ్బు నెలల తరబడి రాదు, ఆ కోపం కౌంటర్ దగ్గర మన మీద తీరుతుంది. అది వాళ్ళూ ప్రభుత్వమూ తేల్చుకోవాల్సిన సంగతి. మీరు కట్టిన డిపాజిట్ రసీదు జతచేసి పాలీక్లినిక్ ఆఫీసర్ ఇన్‌చార్జికి, మీ పరిధిలోని రీజినల్ సెంటరుకి ఫిర్యాదు రాయండి.

ప్రశ్న: షుగర్ మాత్రలకి పాలీక్లినిక్‌కి 70 కిలోమీటర్లు పోతే, నాలుగింట్లో రెండే ఇస్తున్నారు.
— మాజీ నాయక్, శ్రీకాకుళం జిల్లా

జవాబు: మిగతా రెండూ ‘లేవు’ అని అదే చీటీ మీద ముద్ర వేయించుకోండి. ఆ ముద్ర లేకుండా బయట కొన్న మందుల బిల్లు చిత్తుకాగితమే. బస్సు ఖర్చు గురించి కూడా అడిగారు, దానికి నా దగ్గర మంచి జవాబు లేదు.

ప్రశ్న: మా అమ్మకి నెలకి కౌలు డబ్బులు వస్తాయి. వైద్య పథకం కార్డులో చేర్చొచ్చా?
— సిపాయి (రిటైర్డ్), నంద్యాల

జవాబు: తల్లిదండ్రుల ఆదాయం అన్నీ కలిపి నెలకి 9,000, దాని మీద డీఏ, ఆ లోపు ఉంటే చేర్చొచ్చు. కౌలు కూడా ఆదాయమే, దాచకండి.

ఉత్తరాల్లో పీపీవో (పెన్షన్ మంజూరు కాగితం) నంబర్లు, ఆధార్ నంబర్లు రాసి పంపుతున్నారు. దయచేసి వద్దు. ఈ నెల వచ్చిన వాటి మీద నేనే సిరా పూసేశాను.

ప్రకాశం జిల్లా హవల్దార్ గారికి: మీరిచ్చిన నంబరుకి ఫోన్ చేశాను. మూడుసార్లు ‘హలో, ఎవరూ’ అని పెట్టేశారు. ఆదివారం పొద్దున పదింటికి మళ్ళీ చేస్తాను. కుడి చెవికి పెట్టుకోండి.