యాకోబు రెండో అధ్యాయం మీద మాట్లాడబోయే మేనల్లుడికి

నాయనా,

ప్రభువు నామంలో వందనాలు. యూత్ ఆదివారం నాడు నిన్ను వాక్యం చెప్పమన్నారని, అది కూడా బైబిల్లో యాకోబు పత్రిక రెండో అధ్యాయం ఇచ్చారని మీ నాన్న చెప్పాడు. పౌలేమో తన పత్రికల్లో రక్షణ క్రియల వల్ల, అంటే మనం చేసే పనుల వల్ల కాదంటున్నాడు, యాకోబేమో క్రియలు లేని విశ్వాసం మృతమంటున్నాడు, ఈ ఇద్దరినీ ఎలా కలపాలత్తా అని నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ కూడా విన్నాను. టెన్షన్ పడకు. ముందు వాళ్లిద్దరూ ఎవరితో మాట్లాడుతున్నారో చూడు, సగం చిక్కు అక్కడే విడిపోతుంది.

పౌలు రోజుల్లో యూదులు కానివాళ్లు క్రీస్తును నమ్మి వస్తుంటే, సున్నతి పొందితేనే మీరు మాలో కలిసినట్టు అని గుమ్మం దగ్గరే ఆపేసినవాళ్లు ఉన్నారు. అందుకే ఆయన రోమా పత్రిక నాలుగో అధ్యాయంలో యూదుల మూలపురుషుడు అబ్రాహామును ముందుకు తెస్తాడు. అబ్రాహాము నీతిమంతుడిగా ఎంచబడింది ఆదికాండం 15లో, సున్నతి పొందింది 17లో, అప్పటికి ఆయనకు 99 ఏళ్లు. నమ్మకం ముందు, గుర్తు తర్వాత. యాకోబు అదే అబ్రాహామును పట్టుకుని ఆదికాండం 22వ అధ్యాయానికి, కొడుకు ఇస్సాకును బలిపీఠం మీద పెట్టిన చోటికి వెళ్తాడు. యాకోబు గద్దించేది గుమ్మం బయట ఉన్నవాళ్లను కాదు, ఎప్పుడో లోపలికొచ్చి హాయిగా కూర్చున్నవాళ్లను.

ఇప్పుడు అసలు సలహా. అందరూ 14వ వచనం నుంచి మొదలుపెడతారు, నువ్వు మొదటి వచనం నుంచి చదివించు. అక్కడ ఏముంది? బంగారు ఉంగరం పెట్టుకుని, మంచి బట్టలు వేసుకున్నాయన వస్తే మంచి చోట కూర్చోబెట్టారు, మాసిన బట్టలతో పేదవాడొస్తే నిలబడు, లేదా నా కాళ్ల దగ్గర కూర్చో అన్నారు. విశ్వాసం గురించిన ఆ అధ్యాయమంతా కుర్చీల దగ్గర మొదలైంది నాయనా! మన సంఘాల్లో ముందు వరస ఎవరికి, చాప ఎవరికి, పెళ్లి సంబంధం అనేసరికి కులం అడగని విశ్వాసి ఇల్లు ఎన్ని, కట్నం దగ్గర మనకీ బయటివాళ్లకీ ఏం తేడా ఉంది, ఇవన్నీ ఆ అధ్యాయం అడుగుతున్న ప్రశ్నలే. క్రియలు అనగానే మనవాళ్లకు ఉపవాస ప్రార్థనలు, కానుకలు, ఫ్యాను రెక్కల మీద రాయించుకున్న దాతల పేర్లు గుర్తొస్తాయి. యాకోబు చెప్పిన క్రియల్లో అవేవీ లేవు. కుర్చీ ఉంది, బట్ట ఉంది, ఆ పూట అన్నం ఉంది, ఐదో అధ్యాయానికి వస్తే పొలం కోసినవాళ్లకు ఎగ్గొట్టిన కూలి ఉంది. ఈ మాటలు చెప్పడానికి భయపడకు, కానీ ఎవరి వైపూ చూస్తూ చెప్పకు.

అయితే ఒక సంగతి మరిచిపోవద్దు. నీ ఎదురుగా కూర్చున్నవాళ్లందరూ హాయిగా ఉన్నవాళ్లు కారు. దశమభాగం, అంటే రాబడిలో పదో వంతు, సంఘానికి సరిగా ఇవ్వలేదు కాబట్టే నీ బిడ్డ పోయాడని ఎవరో ఒక ప్రసంగీకుడు అన్న మాటను ఏళ్ల తరబడి గుండెల్లో మోసిన తల్లి నాకు తెలుసు. అలాంటామెకు యాకోబు రెండును గట్టిగా వినిపిస్తే ఇంకా కుంగిపోతుంది. ఆమెకు పౌలు రాసిన ఎఫెసీ పత్రిక రెండో అధ్యాయం కావాలి, "ఇది మీవలన కలిగినది కాదు, దేవుని వరమే" అన్న మాట కావాలి. యేసు పక్కన సిలువ మీద ఉన్న దొంగ కావాలి, వాడికి ఒక్క మంచి పని చేసే టైమ్ కూడా లేదు, అయినా ఆ రోజే పరదైసు దొరికింది. ఒకరికి రాసిన మందు ఇంకొకరి నోట్లో పోయకూడదు. కాబట్టి మెసేజ్‌లో, అంటే నీ ప్రసంగంలో, ఎక్కడో ఒక చోట ఆగి, అలసిపోయినవాళ్లతో వేరేగా, మెల్లగా రెండు మాటలు మాట్లాడు. ఎఫెసీ రెండు చదివితే మాత్రం తొమ్మిదో వచనంతో ఆపకు, దయచేసి పది కూడా చదువు. క్రియల వల్ల కాదన్న నోటితోనే పౌలు, సత్‌క్రియలు చేయడానికే దేవుడు మనల్ని సృష్టించాడని వెంటనే అంటున్నాడు.

కథ ఏదైనా కావాలంటే సువార్తలోని పన్ను వసూలుదారు జక్కయ్యను తీసుకో. అతను ఆస్తిలో సగం బీదలకు ఇచ్చిన తర్వాతే యేసు ఆ ఇంటికి వచ్చాడని కాదు. ముందు ఆయనే నేను నీ ఇంట ఉండాలన్నాడు, వెళ్లాడు, సగం ఇవ్వడం, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగివ్వడం ఆ తర్వాత సంగతి. ఈ వరస నీకు స్పష్టంగా ఉంటే తడబడవు.

మన నేల మీద జరిగింది కూడా చెప్పు, యూత్‌కు ఇవి అసలు తెలియవు. 1876-78 కరువులో ఒంగోలులో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లవ్ బకింగ్‌హామ్ కాలువలో కొంత తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు పని, కూలి దొరికేలా చేశాడు. ఆ రోజుల్లో బాప్తిస్మం ఇమ్మని జనం వచ్చినా ఇవ్వలేదు. కూటి కోసం కలిశారన్న మాట రాకూడదని, తిండికీ విశ్వాసానికీ ముడి పెట్టకూడదని ఆపేశాడు. కరువు సాయం ముగిశాక కూడా జనం వచ్చారు, 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ అంకె అందరూ గొప్పగా చెబుతారు కానీ నాకు దానికంటే, ఇవ్వకుండా ఆగిన ఆ నెలలే గొప్పగా అనిపిస్తాయి. అన్నం పెట్టి ఆత్మను కొనకూడదు. ఈ మాట గట్టిగా చెప్పు, ఎందుకంటే ఈ రోజుకీ మన మీద ఆ నింద ఉంది, దానికి జవాబు మన నడతే ఇవ్వాలి. గుంటూరు సంగతి కూడా ఉంది. విశ్వాసం వల్ల మాత్రమే అని అందరికంటే గట్టిగా చెప్పేది మార్టిన్ లూథర్ బోధను అనుసరించే లూథరన్లు, 1883లో ఇక్కడికొచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ ఆ మిషన్ మనిషే, 1898లో ఆసుపత్రి తెరిచింది. రక్షణ సంపాదించుకోవడానికి రోగుల దగ్గర కూర్చోవలసిన అవసరం లేని మనిషి జీవితమంతా కూర్చుంది చూశావా!

ఆ లూథర్ యాకోబు పత్రికను గడ్డి పత్రిక, అంటే పస లేనిది, అన్నాడని యూట్యూబ్‌లో చూసి మురిసిపోయి చెప్పకు. అన్నమాట నిజమే, 1522లో అన్నాడు. అదే ఏడు రోమా పత్రికకు రాసిన ముందుమాటలో, విశ్వాసం ఊరికే ఉండలేదని, మంచి పనులు చెయ్యాలా అని అడిగేలోపే చేసేసి ఉంటుందని కూడా అన్నాడు. ఆర్‌సీఎం వాళ్లు, అంటే రోమన్ కతోలికులు, క్రియల వల్ల రక్షణ అంటారని ఒక దెబ్బ వెయ్యడం కూడా మానుకో. 1999లో ఆగ్స్‌బర్గ్‌లో కతోలికులు, లూథరన్లు కలిసి ఒక ప్రకటన మీద సంతకాలు చేశారు, మన యోగ్యత వల్ల కాదు కృప వల్లనే దేవుడు మనల్ని అంగీకరిస్తాడని, పరిశుద్ధాత్మ మనల్ని మంచి పనులకు నడిపిస్తాడని అందులో ఇద్దరూ ఒప్పుకున్నారు. ఇంకా తేడాలున్నాయి, కానీ అవి నీ ఇరవై నిమిషాల్లో తేల్చేవి కావు.

నీ ఆఫీసు ఫ్రెండ్ అడిగాడన్నావే, మా అమ్మమ్మ అందరికీ పెట్టింది, ఆమె మంచితనం ఎందుకూ పనికిరాదా అని. మనవాళ్లు వెంటనే యెషయా గ్రంథం 64వ అధ్యాయం తీసి మనిషి నీతి మురికి గుడ్డ లాంటిది అంటారు. నువ్వలా అనకు. ఆ ప్రవక్త "మేమందరము" అంటున్నాడు, తన నీతి గురించి, తన జనం నీతి గురించి ఏడుస్తున్నాడు, పక్కింటి ముసలమ్మ పెట్టిన అన్నం గురించి కాదు. అపొస్తలుల కార్యాలు పదిలో రోమా సైనికాధికారి కొర్నేలీ ఇంకా సువార్త వినకముందే అతని ధర్మకార్యాలు దేవుని సన్నిధికి చేరాయని దూత చెప్పాడు, అయినా పేతురును పిలిపించుకోమన్నాడు. ఆ రెండు మాటలూ నీ ఫ్రెండుకు చెప్పు, అమ్మమ్మ సంగతి దేవుని చేతిలో వదిలెయ్.

ఈ వారంలో నీకు ఇబ్బంది కలిగించే మంచి పని ఒకటి చెయ్యి, డబ్బుతో తేలిపోయేది కాదు. మన హాస్టల్ వాచ్‌మన్ డయాలసిస్‌కు వెళ్తున్నాడుగా, ఒక రోజు లీవు పెట్టి తోడు వెళ్లు. మెసేజ్‌లో మాత్రం దాని గురించి నోరెత్తకు. వెళ్లిన మనిషి గొంతు వేరేగా ఉంటుంది, అంతే.

శుక్రవారానికి నోట్స్ వాట్సాప్‌లో పెట్టు, చూస్తాను. కూలి సంగతి, కులం సంగతి తీసేయమని కమిటీలో ఎవరైనా అంటే మర్యాదగా విను, తీసేయకు. మరీ పట్టుబడితే నాకు ఫోన్ చెయ్, పాస్టరుగారితో నేను మాట్లాడతాను.

మీ అత్త