రాజశేఖరం ఇలా ఉండడే!

నరసాపురం

అమ్మాయీ,

నువ్వు పంపిన వ్యాసం అందింది. సఖినేటిపల్లి వెళ్ళడానికి వశిష్ఠ గోదావరి రేవులో పంటు కోసం కూర్చున్నప్పుడు ఒకసారి, తిరిగి వచ్చాక ఇంట్లో దీపం దగ్గర మరోసారి చదివాను. నవలల నుంచి వచ్చిన సినిమాల మీద రాయాలనుకోవడం మంచి ఆలోచనే. నీకు సినిమా పిచ్చి ఉందనీ, దాన్ని దాచుకునే ఉద్దేశం కూడా లేదనీ మొదటి పేజీలోనే తెలిసిపోయింది, అది నాకు నచ్చింది. అయితే పెన్సిలు పట్టుకుని లెక్కపెడితే పన్నెండు పేజీల్లో పద్నాలుగు చోట్ల ‘పుస్తకంలో ఇలా లేదు’ అన్న మాట తగిలింది. ఈ ఉత్తరం ఆ మాట గురించే.

1976లో ‘సెక్రటరీ’ సినిమా మా ఊరికి వచ్చినప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను. మా మేనత్త దగ్గర ‘సెక్రటరీ’ నవల రాసిన యద్దనపూడి సులోచనారాణి పుస్తకాలు ఒక ట్రంకుపెట్టె నిండా ఉండేవి. వాటిలో కొన్ని కొన్న పుస్తకాలు, కొన్ని పత్రికల్లోంచి సీరియల్ కాగితాలు చింపి, దబ్బనంతో కుట్టి, పాత క్యాలెండరు అట్ట వేసుకున్నవి. అరువు అడిగినవాళ్ళకు కొన్న పుస్తకాలు ఇచ్చేది గాని కుట్టుకున్నవి ఇచ్చేది కాదు. ఆవిడ నన్ను తోడు తీసుకుని మొదటి ఆటకు వెళ్ళింది. తెర మీద నవలా నాయకుడు రాజశేఖరంగా అక్కినేని కనిపించగానే, ఎవరితోనూ కాకుండా తనలో తాను అనుకున్నట్టుగా, ‘రాజశేఖరం ఇలా ఉండడే!’ అంది. ఇంటర్వెల్లో సోడా తాగుతూ మళ్ళీ అదే మాట అంది. అంటూనే చివరిదాకా కదలకుండా చూసింది, మర్నాడు మళ్ళీ వెళ్ళింది.

అక్కినేని 1924లో పుట్టినవారు కాబట్టి అప్పటికి యాభై దాటారు. మా అత్త బాధ వయసు గురించి అయితే రెండోసారి వెళ్ళేది కాదనుకుంటాను. రచయిత్రి ఆ మనిషికి ఎత్తు, హోదా, మాటలో బిగువు ఇచ్చి, ముఖం గీసుకునే పని చదివే ఆడపిల్లలకు వదిలేసింది. ఊరికి వందమంది చదివితే వందమంది రాజశేఖరాలు తయారయ్యారు. కెమెరాకు ఆ వెసులుబాటు లేదు. ఎవరో ఒకరి ముఖం చూపించక తప్పదు, చూపించిన క్షణాన తొంభైతొమ్మిది మంది రాజశేఖరాలు హాల్లోంచి లేచి వెళ్ళిపోతారు. కె.ఎస్. ప్రకాశరావు గారి బదులు ఇంకెవరు తీసినా ఇదే జరిగేది. నీ వ్యాసంలో నటుడు ‘నప్పలేదు’ అని ఒక్క ముక్కలో తేల్చేసిన చోట ఇంత సంగతి ఉంది, అందుకే అక్కడ ఆగమంటున్నాను.

రెండో పొరపాటు కొంచెం పెద్దది. ‘దేవదాసు’ ముగింపులో పార్వతి పరుగెత్తుకు వస్తుంటే తలుపులు మూసుకుపోవడాన్ని నవల రాసిన శరత్‌బాబు ప్రతిభగా మెచ్చుకున్నావు. 1917లో అచ్చయిన నవల తీసి చివరి పేజీలు మళ్ళీ చదువు. అక్కడ ఆ తలుపులు లేవు. ఊరికాని ఊళ్ళో ఎవరో దిక్కులేకుండా చనిపోయాడన్న కబురు పార్వతికి ఆలస్యంగా తెలుస్తుంది, ఎవరో తెలిశాక పరుగెత్తబోతుంది, ఇంటివాళ్ళు పట్టుకుంటారు, స్పృహ తప్పుతుంది. అప్పుడు రచయిత కథ పక్కన పెట్టి మనవైపు తిరిగి, ఇలాంటి అభాగ్యుడు ఎవరైనా తారసపడితే అతని కోసం ప్రార్థించమనీ, చావు ఎలా వచ్చినా ఆ వేళ నుదుటి మీద ఒక ఆప్తుని చెయ్యి ఉండాలనీ అడుగుతాడు. ఆ వేడుకోలును తెర మీద ఎవరిచేత చెప్పిస్తారు? 1935 నాటి బెంగాలీ సినిమాలో ప్రమథేశ్ బారువా దానికి బదులుగా తలుపు మూయించాడు. 1953లో వేదాంతం రాఘవయ్య గారు తీసిన మన తెలుగు సినిమాకు కూడా అదే తలుపు వచ్చింది. సముద్రాల పాటలు, సుబ్బురామన్ బాణీలు, ఘంటసాల గొంతు కలిసి ఆ తాగుబోతును మన పక్కింటివాణ్ణి చేశాయి. ఇక్కడ పుస్తకంలో లేనిదే సినిమాకు ప్రాణమైంది. నీ పద్నాలుగు ఫిర్యాదుల్లో ఇది చేరకపోవడానికి కారణం, ఆ దృశ్యం నీకు నచ్చడం. నచ్చనిది మాత్రమే మూలంతో సరిపోల్చడం మన అభిమానులందరికీ ఉన్న జబ్బు.

ఇంకొకటి, ‘చివరకు మిగిలేది’ సినిమా బుచ్చిబాబు నవలకు తెరరూపం అని రాశావు. పేరు ఒకటే గాని, సావిత్రి నటించిన ఆ 1960 నాటి సినిమా బెంగాలీ చిత్రం ‘దీప్ జ్వెలే జాయ్’ నుంచి వచ్చింది. కొట్టేసెయ్యి.

పరాయివాళ్ళ తప్పులే చెప్పడం మర్యాద కాదు కాబట్టి నా సంగతి కూడా విను. 1986 గోదావరి వరద తర్వాత నేను రాసిన లంక కథ ఒకటి, ఎన్నో ఏళ్ళకు ఎవరో టెలిఫిల్ముగా తీశారు. నా కథలో ముసలాయన ఇల్లు వదలడు. వాళ్ళు ఆయన్ను పడవ ఎక్కించారు. కొబ్బరిచెట్ల బదులు ఎక్కడివో మామిడితోటలు చూపించారు. అడ్డగోలుగా కోపం వచ్చి ఒక పత్రికకు మూడు పేజీల ఖండన రాశాను, అచ్చయింది, స్నేహితులు భుజం తట్టారు. రెండేళ్ళ తర్వాత ఒక బంధువు ఇంట్లో మళ్ళీ చూడవలసి వచ్చింది. ముసలాయన పడవ ఎక్కేముందు ఇంటికి తాళం వేస్తాడు, తాళంచెవి మొలలో దోపుకోబోయి ఆగి, తీసి గడప మీద పెట్టి, గోదారి నీళ్ళు అప్పటికే గడప తడుపుతుండగా, అది కొట్టుకుపోకుండా దాని మీద ఒక పెంకు పెడతాడు. నేను రెండు పేజీల్లో ముసలాయన మనసులో ఏముందో రాసి చెప్పలేకపోయింది ఆ పెంకులో ఉంది. మొదటిసారి చూసినప్పుడు నేను నా వాక్యాల కోసం వెతుక్కుంటూ దాన్ని చూడనేలేదు. మామిడితోటల విషయంలో మాత్రం నా కోపం ఇప్పటికీ అలాగే ఉంది.

నీ అభిమాన నటుడు చిరంజీవిది మన పక్క మొగల్తూరు, నవలల్లో బారిస్టర్ పార్వతీశానిదీ అదే ఊరు. ‘అభిలాష’ మీద నువ్వు రాసిన భాగం హుషారుగా ఉంది. రాజోలు యండమూరి నవలలో ఉరిశిక్ష రద్దు కోసం తన మెడనే పణంగా పెట్టే కుర్ర లాయరు, 1983లో చిరంజీవి అయ్యేసరికి ఇళయరాజా పాటలు కూడా పాడాడు. ఎక్కడ హాలు ఈల వేసిందో నీకు తెలుసు, అది రాయి. ‘బారిస్టర్ పార్వతీశం’ సంగతి వేరు. నరసాపురం మీదుగా నిడదవోలు చేరి రైలెక్కే ఆ అమాయకుడు తన తెలివితక్కువ పనులను తానే చెప్పుకుంటాడు. నవ్వు చేసిన పనిలో కన్నా చెప్పిన గొంతులో ఎక్కువ ఉంది. 1940లోనే దాన్ని సినిమాగా తీశారు. ఎవరు తీసినా ఆ గొంతును ఏ బొమ్మలోకి మార్చాలన్నది ఎదురయ్యే కష్టం, దాని మీద నువ్వు ఒక్క పేజీ రాయగలిగితే చాలు.

వీలైతే తర్వాతి వ్యాసానికి శ్రీరమణ ‘మిథునం’ తీసుకో. ఒకే తెలుగు కథను 2000లో ఎం.టి. వాసుదేవన్ నాయర్ మలయాళంలో, 2012లో తనికెళ్ళ భరణి తెలుగులో తీశారు. భరణి తెర మీద ఇద్దరే మనుషులను ఉంచాడు. మూడింటినీ పక్కపక్కన పెట్టుకుంటే ‘పుస్తకంలో ఇలా లేదు’ అనడానికి నీకు తీరిక ఉండదు.

కాగితాలు పోస్టులో తిరిగి పంపుతున్నాను. ఏడో పేజీలో, భీమవరం హాల్లో నీ పక్క సీటు ముసలమ్మ హీరోయిన్ ఉత్తరం చింపబోతుంటే ‘చింపకే తల్లీ’ అని గట్టిగా అన్నదని రాశావు చూడు, ఆ పేరా చుట్టూ గీత గీశాను. దాన్ని మొదటికి తెచ్చి మళ్ళీ రాసి పంపు. వత్తులు, దీర్ఘాలు నేను చూసుకుంటాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు