టెక్సాసా, న్యూజెర్సీయా? ఎవరి జీవితానికి ఏ రాష్ట్రం?

ప్రశ్న: మాది ఖమ్మం. ఈ ఏడాది బీటెక్ పూర్తిచేసిన మా అబ్బాయికి కంప్యూటర్ సైన్స్‌లో ఎంఎస్ చేయడానికి టెక్సాస్‌లోని యూటీ డాలస్ (యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్ ఎట్ డాలస్)లోనూ, న్యూజెర్సీలోని ఎన్‌జేఐటీ (న్యూజెర్సీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ)లోనూ సీటు వచ్చింది. ఫ్రిస్కోలో స్థిరపడిన మా మరిది, టెక్సాస్‌లో పన్ను లేదు, ఇళ్లు చవక, మా ఇంట్లోనే ఉండొచ్చు అంటున్నారు. ఎడిసన్‌లో ఉన్న మావారి స్నేహితులు న్యూజెర్సీయే మేలంటున్నారు. ఏ రాష్ట్రంలో జీవితం బాగుంటుంది?

జవాబు: ఇద్దరూ చెప్పేది నిజమే కానీ, ఇద్దరూ తమ జీవితాన్ని చూసి చెబుతున్నారు. సొంత ఇల్లు, రెండు కార్లు, బడికి వెళ్లే పిల్లలు ఉన్న కుటుంబానికి బాగున్న రాష్ట్రం, జీతమూ కారూ లేని ఇరవై రెండేళ్ల విద్యార్థికి కూడా అంతే బాగుంటుందని అనుకోవడానికి వీల్లేదు. అందుచేత రాబోయే మూడు నాలుగేళ్లలో మీ అబ్బాయిని నేరుగా తాకే విషయాలనే లెక్కలోకి తీసుకుందాం.

ముందు పన్ను సంగతి. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. 2019లో అక్కడి ఓటర్లు రాజ్యాంగ సవరణ ద్వారా అలాంటి పన్ను విధించే వీలే లేకుండా చేశారు. న్యూజెర్సీలో అది 1.4 శాతంతో మొదలై, బాగా సంపన్నుల దగ్గర 10.75 శాతం దాకా వెళుతుంది. అయితే చదువుకునే రెండేళ్లూ మీ అబ్బాయికి ఈ పన్ను పెద్దగా పడేంత ఆదాయమే ఉండదు. చదువు ముగిశాక ఏడాదికి 90,000 డాలర్ల ఉద్యోగం వచ్చిందనుకుంటే, న్యూజెర్సీ శ్లాబుల ప్రకారం దాదాపు 3,600 డాలర్లు, అంటే నెలకు 300 డాలర్లు కట్టవలసి వస్తుంది. డాలస్ చుట్టుపక్కల ఉద్యోగమైతే కారు తప్పదు కాబట్టి, వాయిదా, బీమా, పెట్రోలు కలిపి చూస్తే ఆ 300 డాలర్ల మిగులు నిలిచేది అనుమానమే. ఇంటి పన్ను రెండు చోట్లా ఎక్కువే, న్యూజెర్సీలో మరీ ఎక్కువ; కానీ అది ఇల్లు కొన్నవారి బెంగ, నలుగురితో కలిసి అద్దెకుండే కుర్రవాడిది కాదు.

విద్యార్థి రోజువారీ జీవితాన్ని నిజంగా మార్చేది రాకపోకల సౌకర్యం. ఎన్‌జేఐటీ ఉన్నది నెవార్క్ నగరం నడిబొడ్డున. క్యాంపస్ పక్కనే లైట్ రైలు ఎక్కి పెన్ స్టేషన్‌లో మారితే, అక్కడి నుంచి ఇరవై నిమిషాల్లో న్యూయార్క్ చేరవచ్చు. కారు లేకుండానే మన్‌హాటన్‌లో ఇంటర్వ్యూకు వెళ్లి, సాయంత్రం క్లాసుకు తిరిగి రావచ్చు. యూటీ డాలస్ ఉన్నది రిచర్డ్‌సన్ శివార్లలో. 2025 అక్టోబరులో మొదలైన సిల్వర్ లైన్ రైలు క్యాంపస్ దగ్గర ఆగుతుంది, విమానాశ్రయానికీ వెళుతుంది గనుక పరిస్థితి మునుపటికన్నా మెరుగే. అయినా అక్కడి ఊళ్లు కారున్నవారి కోసం కట్టినవి. నా సలహాతో డాలస్ వైపు వెళ్లిన ఒక విద్యార్థి మొదటి నెలలోనే ఫోన్ చేసి, మైలున్నర దూరంలోని ఇండియన్ స్టోర్ నుంచి 20 పౌండ్ల సోనామసూరి బస్తా భుజాన వేసుకుని, కాలిబాట మధ్యలోనే ఆగిపోతే గడ్డిలోంచి నడుచుకుంటూ వచ్చానని చెప్పాడు. అది ఆగస్టు, ఎండ 38 డిగ్రీలు దాటే నెల. నేను అతనికి ఫీజుల గురించి గంటసేపు చెప్పాను కానీ కాలిబాటల గురించి ఒక్క మాటా చెప్పలేదు.

ఇక్కడే మీ మరిదిగారి ఆహ్వానం గురించి కూడా చెప్పాలి. ఫ్రిస్కో ఊరు డాలస్ ప్రాంతపు రవాణా సంస్థ డార్ట్‌లో సభ్యురాలు కాదు. అక్కడి నుంచి క్యాంపస్‌కు రోజూ ఎవరో ఒకరు కారులో దింపవలసిందే. ఆ ఏర్పాటు మొదటి పది రోజులు ఆప్యాయంగా ఉంటుంది, రెండో సెమిస్టరుకు ఇరువైపులా ఇబ్బందవుతుంది.

సంపాదన విషయంలో, టెక్సాస్‌లో చట్టబద్ధమైన కనీస వేతనం 2009 నుంచి గంటకు 7.25 డాలర్ల దగ్గరే ఉంది. న్యూజెర్సీలో అది 2024లోనే 15 డాలర్లు దాటింది. మీ అబ్బాయి సెమిస్టరు రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలే పనిచేయగలడు కనుక ఈ తేడా చిన్నది కాదు, అయితే న్యూయార్క్ నీడలో ఉన్న అద్దెలు దానిలో చాలా భాగాన్ని తినేస్తాయి. వాతావరణం గురించి అంతగా ఆలోచించకండి: ఒకచోట మంచు, ఒకచోట ఎండ. 2021 ఫిబ్రవరిలో మంచు తుపానుకు టెక్సాస్ విద్యుత్ వ్యవస్థ కుప్పకూలి లక్షల ఇళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్న మాట నిజమే కానీ, దాన్నిబట్టి సీటు వదులుకోనక్కరలేదు. చదువయ్యాక పనిచేసుకోవడానికిచ్చే అనుమతి ఓపీటీ 12 నెలలు, సైన్స్, టెక్నాలజీ వంటి చదువులకిచ్చే స్టెమ్ పొడిగింపు మరో 24 నెలలు రెండు రాష్ట్రాల్లోనూ ఒకటే, ఎందుకంటే అవి కేంద్ర ప్రభుత్వ నిబంధనలు.

నా దృష్టిలో నిర్ణయాన్ని తేల్చేది ఒకే ఒక్క కాగితం. టెక్సాస్ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో కనీసం 1,000 డాలర్ల పోటీ స్కాలర్‌షిప్ పొందిన విద్యార్థికి, బయటివాడైనా, స్థానికుల ఫీజే వర్తింపజేసే వెసులుబాటు ఉంది; అదీ పరిమిత సంఖ్యలోనే. మీరు పంపిన వివరాల్లో దాని ప్రస్తావన లేదు. మీ అబ్బాయి చేత యూటీ డాలస్ విభాగానికి ఈ వారమే మెయిల్ రాయించండి. ఆ స్కాలర్‌షిప్ వస్తే సందేహించకుండా డాలస్ పంపండి, కానీ క్యాంపస్‌కు నడిచి వెళ్లగల దూరంలో గది తీసుకోమనండి, బాబాయిగారింటికి శని ఆదివారాల్లో వెళ్లవచ్చు. రాకపోతే, రెండు చోట్ల ఫీజులనూ అద్దెలనూ పక్కపక్కన వేసి చూసి, తేడా స్వల్పంగా ఉంటే నెవార్క్ వైపే నేను మొగ్గుతాను. ఏ ఊరికి వెళ్లినా, వీసా పనులు జరుగుతున్న ఈ రోజుల్లోనే ఖమ్మంలో డ్రైవింగ్ నేర్పించండి. రోడ్డుకు కుడివైపు నడపడం అక్కడికి వెళ్లాక అలవాటవుతుంది.