పాఠకుల ప్రశ్నలు – జవాబులు: కొండెక్కే గూడ్సు బండిని ఎక్కడ చూడాలి?

ప్రశ్న: సార్, నేను బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటాను, బ్యాంకులో చేసి రిటైరయ్యాను. దగ్గర్లోనే డీజిల్ షెడ్, ఆ ఇంజన్ల సౌండు వింటూనే ఇన్నేళ్లూ గడిచిపోయాయి. రాత్రిళ్లు నిద్ర పట్టకపోతే ఫోన్లో అమెరికా గూడ్సు బండ్ల వీడియోలు చూస్తుంటా, ఎడారిలో, కొండల్లో కిలోమీటర్ల కొద్దీ పొడుగుండే బండ్లు. మా అమ్మాయి లాస్ ఏంజిలిస్‌లో ఉంటోంది, మార్చిలో రమ్మంటోంది. అల్లుడుగారు వేగాస్, గ్రాండ్ కాన్యన్ అన్నీ ప్లాన్ చేసేశారు, నాకేమో ఒక్క రోజు ఆ బండ్లు చూడాలనుంది, అడగాలంటే మొహమాటం. ఎక్కడికెళ్లాలి? పట్టాల పక్కన నిలబడనిస్తారా? అంత డబ్బున్న దేశం ఇంకా డీజిల్ మీదే ఎందుకు నడుపుతోంది?

జవాబు: మొహమాటం పక్కన పెట్టి అడిగేయండి. అడిగేటప్పుడు కూడా నాలుగు చోట్లు కాదు, ఒకే ఒక్క చోటు అడగండి: టెహాచపి, కాలిఫోర్నియాలో కొండల మధ్య ఉండే ఊరు. లాస్ ఏంజిలిస్ నుంచి కారులో రెండు, రెండున్నర గంటలు, మొహావి మీదుగా వెళ్లొచ్చు.

ఎందుకు అక్కడే అంటున్నానంటే, బేకర్స్‌ఫీల్డ్ వైపు నుంచి వచ్చే బండి ఆ కొండల్లో సుమారు 2 శాతం ఎత్తు ఎక్కాలి, అంటే యాభై మీటర్లు వెళ్తే ఒక మీటరు పైకి, మన కర్ణాటకలోని సకలేష్‌పూర్ ఘాట్ రైలు దారి కూడా దాదాపు అంతే. నేరుగా పట్టాలేస్తే అంతకంటే ఏటవాలైపోతుంది, అందుకని 1876లో ఒక చిన్న కొండ చుట్టూ పట్టాలని గుండ్రంగా తిప్పి మళ్లీ తమ మీదుగానే దాటించారు, కింద సొరంగం, దాని పైన అదే లైను. లైను వేసింది సదరన్ పసిఫిక్ కంపెనీ, కొండ తవ్విన చేతుల్లో ఎక్కువ భాగం చైనా కూలీలవి, ఈ సంగతి అక్కడ నిలబడ్డప్పుడు గుర్తుపెట్టుకోవాలి అనిపిస్తుంది నాకు. ఆ గుండ్రటి చుట్టు (దాన్నే లూపు అంటారు) పొడవు 3,779 అడుగులు, అంటే ఒక కిలోమీటరు నూటయాభై మీటర్లు. ఆ ఒక్క చుట్టులో లైను 77 అడుగులు పైకెక్కేస్తుంది. ఇప్పుడు లెక్క చూడండి, మన మామూలు గూడ్సు బండి ఏడొందల మీటర్లు ఉంటుంది, దాన్ని ఆ లూపు మీద పెడితే తల తోకని అందుకోలేదు. అక్కడి బండ్లు చాలావరకు రెండు కిలోమీటర్లు, ఇంకా పైన కూడా, కాబట్టి ముందు ఇంజన్లు పైన లైను మీద ఉండగానే అదే బండి డబ్బాలు కింద సొరంగంలోకి దూరుతుంటాయి. మీరు వీడియోల్లో చూసే ఉంటారు, కానీ కళ్లతో చూడటం వేరండీ, వీడియోలో ఫ్రేములో పట్టినంతే కనపడుతుంది.

అసలు నేను చెప్పదలుచుకున్నది ఇదే. మన దగ్గర బండి ఎప్పుడూ ముక్కలుగానే కనపడుతుంది, చెట్లు, ఇళ్లు, ఫ్లైఓవర్లు, సకలేష్‌పూర్‌లో అయితే అడవి మరీ దట్టం, ఇంజను కనపడి నాలుగు వ్యాగన్లు చూసేలోపు సొరంగంలోకి వెళ్లిపోతుంది. పశ్చిమ అమెరికాలో వాన తక్కువ, చెట్లు తక్కువ, గడ్డి కొండలు, బోడి రాళ్లు. నేల అలా ఖాళీగా ఉండబట్టే బండి మొత్తం, మొదటి ఇంజను నుంచి చివరి ఇంజను దాకా, ఒకేసారి కళ్లముందు ఉంటుంది. అంత బరువుని ఎలా లాగుతున్నారో, ఎక్కడ తోస్తున్నారో, వంపులో ఎలా సాగుతుందో అన్నీ అర్థమవుతాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఆ కొండలు పచ్చగా ఉంటాయి, ఎండాకాలం గడ్డి ఎండి బంగారు రంగుకి తిరుగుతుంది, మీరు వెళ్లేది మంచి టైమే. గాలి మాత్రం బాగా కొడుతుంది, ఆ కనుమ నిండా గాలిమరలే, మఫ్లర్ పట్టుకెళ్లండి.

చివరి ఇంజను అన్నాను కదా, అది గమనించండి. మన ఘాట్లలో వెనక నుంచి తోసే బ్యాంకర్ ఇంజన్లలో వేరే లోకో పైలట్ ఉంటారు. అక్కడ బండి మధ్యలోనో చివరనో ఉండే ఇంజన్లలో చాలావాటిలో మనిషే ఉండడు, ముందు ఇంజన్లో కూర్చున్న డ్రైవరే రేడియో మీద నడిపిస్తాడు. అన్ని ఇంజన్లూ ముందే పెడితే అంత పొడుగు బండి బరువంతా మొదటి కప్లింగుల (డబ్బాల్ని కలిపే కొక్కేలు) మీద పడి తెగిపోయే ప్రమాదం, పైగా బ్రేకు గాలి చివరిదాకా చేరటానికి టైం పడుతుంది, మధ్యలో, వెనక ఇంజన్లుంటే అక్కడినుంచి కూడా బ్రేకు పడుతుంది. దిగే బండిని కూడా వదలొద్దు, దిగేటప్పుడు చక్రాలు తిప్పే మోటార్లే జనరేటర్లుగా మారి బండిని ఆపుతుంటాయి, పుట్టిన కరెంటు ఇంజన్ పైన గ్రిడ్లలో (కరెంటుని వేడిగా మార్చే రెసిస్టర్లు) వేడిగా పోతుంది, దాన్ని చల్లార్చే ఫ్యాన్ల రొద చాలా దూరం వినపడుతుంది.

మీ చెవికి ఒక పరీక్ష కూడా ఉంది. మీ షెడ్లో ఉండే డబ్ల్యూడీజీ-4, డబ్ల్యూడీపీ-4 ఇంజన్లు జనరల్ మోటార్స్ వాళ్ల డిజైనే, 1990ల చివర్లో మనకొచ్చింది, లోపల ఉండేది 710 రకం టూ-స్ట్రోక్ ఇంజను. అక్కడి ఎస్‌డీ70 ఇంజన్లలో చాలావాటిలోనూ ఆ కుటుంబమే. జీఈ (జనరల్ ఎలక్ట్రిక్) వాళ్లవి ఫోర్-స్ట్రోక్, దెబ్బ దెబ్బకీ గ్యాప్ తెలుస్తుంది. కళ్లు మూసుకుని ఏది ఏదో మీరు చెప్పేయగలరు, నాకు నమ్మకం ఉంది.

టైంటేబుల్ అడక్కండి, గూడ్సుకి పబ్లిక్ టైంటేబుల్ ఉండదు. అదే లైను మీద యూనియన్ పసిఫిక్, బీఎన్ఎస్ఎఫ్ రెండు కంపెనీల బండ్లూ తిరుగుతాయి, కొంత భాగం సింగిల్ లైను కాబట్టి ఒకటి ఆగితే ఇంకోటి వస్తుంది, ఒక్కోసారి వరసగా, ఒక్కోసారి గంటల తరబడి ఏమీ ఉండదు. టిఫిన్ కట్టించుకుని వెళ్లండి. పట్టాల పక్కన నిలబడటం మాత్రం కుదరదు, అది కంపెనీ సొంత స్థలం, లోపల అడుగుపెడితే కేసు, మనం ఇక్కడ పట్టాలు దాటినట్టు దాటకూడదు. వుడ్‌ఫోర్డ్-టెహాచపి రోడ్డు మీద లూపు కనపడే వ్యూపాయింట్ ఉంది, హాయిగా అక్కడే ఉండండి. టెహాచపి ఊళ్లో పాత స్టేషన్ కాలిపోతే అదే నమూనాలో మళ్లీ కట్టి మ్యూజియం చేశారు, దాని ముందు నుంచే బండ్లు వెళ్తాయి.

అల్లుడుగారు వేగాస్ ప్లాన్ మార్చనంటే కూడా దిగులు లేదు, ఆ రోడ్డు కాహోన్ కనుమ మీదుగానే వెళ్తుంది. హైవే 138 వైపు కాస్త తిరిగితే మోర్మన్ రాక్స్ అని ఏటవాలుగా లేచిన ఇసుకరాళ్లు, వాటి పక్కనుంచే పట్టాలు. ఒక గంట అడగండి, ఇస్తారు.

డీజిల్ సంగతి. అక్కడ పట్టాలు ప్రైవేటు కంపెనీలవి, వేల కిలోమీటర్లకి వైర్లు కట్టే ఖర్చు వాళ్ల జేబులోంచే పెట్టాలి, తిరిగొచ్చేసరికి ఏళ్లు పడుతుంది, పెట్టరు. మన దగ్గర ప్రభుత్వం పెట్టింది, బ్రాడ్‌గేజ్ దాదాపు మొత్తం కరెంటు అయిపోయింది. వాళ్లకి చేతకాక కాదు, మిల్వాకీ రోడ్ అనే కంపెనీ 1915 చివర్లోనే రాకీ కొండల్లో కరెంటు బండ్లు నడిపింది, తర్వాత కాస్కేడ్స్‌లో కూడా, మొత్తం వెయ్యి కిలోమీటర్లు పైనే. దిగే బండి పుట్టించిన కరెంటుని ఎక్కే బండి వాడుకునేది! 1974లో ఆపేశారు, అదీ చమురు ధర ఆకాశానికి అంటిన కొద్ది నెలలకే. నాకిది ఎప్పుడు తలుచుకున్నా బాధగానే ఉంటుంది, డీజిల్ ఇంజన్లంటే ఎంత ఇష్టమున్నా సరే.

ప్రశ్న: మేము మారతహళ్లిలో ఉంటాం. మా బాబుకి ఎనిమిదేళ్లు, అమెరికా బండ్ల హారన్ ఎందుకు ఎప్పుడూ ఒకేలా మోగుతుందని అడుగుతున్నాడు. గూడ్సు కాకపోయినా అక్కడి కొండల్లో మనం ఎక్కి వెళ్లే బండి ఏదైనా ఉందా?

జవాబు: బాబు చెవి భలే పట్టిందండీ. లెవెల్ క్రాసింగ్ వస్తుంటే రెండు పొడుగు, ఒక పొట్టి, మళ్లీ ఒక పొడుగు మోగించాలని అక్కడ రూలు, బండి ముందుభాగం క్రాసింగ్‌లోకి వచ్చేదాకా చివరిది లాగుతూనే ఉంటారు. ఎక్కి వెళ్లాలంటే చికాగో నుంచి ఎమరీవిల్ (శాన్ ఫ్రాన్సిస్కో పక్కన) వెళ్లే కాలిఫోర్నియా జెఫిర్ ఎక్కండి, డెన్వర్ దాటాక కొండెక్కి 1928 నాటి మోఫట్ సొరంగంలో పది కిలోమీటర్ల దాకా వెళ్తుంది. అన్ని రోజులు కుదరకపోతే శాక్రమెంటోలో ఎక్కి రీనోలో దిగండి, సియెరా నెవాడా కొండల్లోని డానర్ కనుమ పగటిపూటే చూడొచ్చు. దారిలో గూడ్సు బండ్లు ఎదురొస్తాయి, బాబుని కిటికీ పక్కన కూర్చోబెట్టండి.