స్నాతకోత్తరమా, స్నాతకోత్సవమా?

ప్రశ్న: మా తమ్ముడు ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేశాడండీ. శుభలేఖలో చదువు కూడా తెలుగులోనే ఉండాలని "స్నాతకోత్తర పట్టభద్రుడు" అని రాసిచ్చా. ప్రూఫ్ చూసిన మా బాబాయ్ దాన్ని "స్నాతకోత్సవ" అని దిద్దేశాడు. పురోహితుడు గారేమో "ఇంకా స్నాతకమే చెయ్యలేదు, అప్పుడే ఉత్తరం ఏంటి నాయనా" అని ఒకటే నవ్వు. ఇంతకీ ఏది కరెక్టు?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మీ బాబాయ్ గారు దిద్దింది తప్పండీ, పురోహితుడి గారి జోకు మాత్రం సరిగ్గా అసలు పాయింటు మీదే పడింది. స్నాతకం అన్నదాంట్లో ఉన్నది స్నానమే. వెనకటికి గురువు దగ్గర వేదం చదువు పూర్తిచేసిన బ్రహ్మచారి ఇంటికి తిరిగొచ్చే ముందు స్నానం చేసేవాడు, ఆ తంతు పేరు సమావర్తనం, అది అయినవాడు స్నాతకుడు. ఇప్పుడు గురుకులం ఎక్కడుంది, అందుకని దాన్ని తెచ్చి పెళ్లికి ముందు పెట్టేసుకున్నాం, అది కాగానే పెళ్లికొడుకు గొడుగు పట్టుకుని కాశీకి బయల్దేరటం, బావమరిది అడ్డంపడి బతిమాలి వెనక్కి తీసుకురావటం. నిష్ణాతుడు అంటాం చూశారా, అందులోనూ ఇదే స్నానం, విద్యలో నిండా మునిగినవాడని.

యూనివర్సిటీ వాళ్లు ఈ మాటనే తీసుకున్నారు. పట్టాలిచ్చే పండగ స్నాతకోత్సవం, అదే కాన్వొకేషన్. డిగ్రీ తర్వాత చదివేది స్నాతకోత్తర విద్య. రెండూ గుణసంధులే, చెవికి కవలల్లా ఉంటాయి, మీ బాబాయ్ గారిని అననక్కర్లేదు. ఇక్కడ ఉత్తరం అంటే తర్వాత అని (పోస్ట్ గ్రాడ్యుయేట్‌లో పోస్టుకి ఉత్తరం, భలే కుదిరింది గానీ పోస్టుమ్యాన్ తెచ్చేది కాదు).

తమాషా ఏంటంటే హిందీవాళ్లు బీఏని స్నాతక్ అనీ ఎమ్మేని స్నాతకోత్తర్ అనీ వరసగా వాడతారు, మనం మాత్రం డిగ్రీ అయినవాళ్లని పట్టభద్రులు అంటాం. పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎలక్షన్ వస్తే రోజూ వినే మాటే, డిగ్రీ పాసై 3 ఏళ్లు నిండితే ఓటు, పీజీ ఉందని రెండోది ఇవ్వరు లెండి. అలా మనకి స్నాతకోత్తర మిగిలింది గానీ చదువు విషయంలో స్నాతకుడు అనేవాడే లేడు, అందుకే ఆ మాట ఎప్పుడూ సర్టిఫికెట్ వాసనే వేస్తుంది. నోటితో అందరం పీజీ అనే అంటాం, దాంట్లోనూ తిరకాసే, అమీర్‌పేటలో ఓ కుర్రాడు "పీజీలో ఉన్నా" అంటే అది హాస్టలు. అమెరికాలో అయితే గ్రాడ్ స్కూల్ అంటేనే మన పీజీ.

మీరు రాసింది తప్పు కాదు, కాకపోతే శుభలేఖకి బరువెక్కువ. "ఎం.ఎస్సీ., రసాయన శాస్త్రం" చాలు. బాబాయ్ గారి దిద్దుబాటే అచ్చయిందంటే మీ తమ్ముడు కాన్వొకేషన్ పట్టభద్రుడైపోతాడు, ముందు ప్రెస్సుకి ఫోన్ చెయ్యండి.