ఓడిన పెద్దాయన్ని చూడండి, మ్యాచ్ అదే అర్థమవుతుంది

‘గెలుపోటములు ముందే అనుకుని ఆడే కుస్తీ, పైగా భాష రాదు. పాత జపాన్ రెజ్లింగ్ మ్యాచ్‌లను ఎలా ఆస్వాదించాలి, ఏది మొదట చూడాలి?’ అని కదా మీ ప్రశ్న. ఏది చూడాలి అన్నదానికి జవాబు ఒక్క ముక్కలో చెప్పేస్తాను. 1990 జూన్ 8, టోక్యోలోని నిప్పన్ బుడోకాన్ హాలు, మిత్సుహారు మిసావా, జంబో త్సురుటా. 24 నిమిషాల 6 సెకన్లు. ఎలా చూడాలో నాకు నేర్పింది మాత్రం రెజ్లింగ్ అంటేనే గిట్టని మా నాన్న.

నేను కేబుల్ టీవీలో అమెరికా రెజ్లింగ్ చూసి పెరిగినవాణ్ణి. జేబులో రెజ్లర్ల కొలతలుండే ట్రంప్ కార్డులు పెట్టుకుని, ఎవడి ఛాతీ ఎన్ని అంగుళాలని బడిలో కొట్టుకున్న బ్యాచ్. (ఆ కొలతలు ఎవరు తీశారో దేవుడికే తెలియాలి.) నాన్న టీవీ ముందు నుంచి వెళ్తూ ‘దెబ్బ గాల్లో పడితే వాడు కింద పడ్డాడేంట్రా’ అని ఒక మాట విసిరి పోయేవాడు. డిపోలో బస్సులు బాగుచేసే మెకానిక్ ఆయన. లెక్క తేలని పని ఏదీ నచ్చదు.

కొన్నేళ్ల కిందట ఆయనకు మోకాలి ఆపరేషన్ అయింది. రాత్రిళ్లు నొప్పికి నిద్ర పట్టేది కాదు, తోడుగా నేనూ మేలుకునేవాణ్ణి. ఒక రాత్రి రెండింటికి సౌండ్ తగ్గించి ఈ మ్యాచ్ పెట్టుకున్నాను. ఆయన పడుకున్నాడనే అనుకున్నా.

“వీళ్లు మైకు పట్టుకుని తిట్టుకోరా?” అన్నాడు వెనక నుంచి.

“తిట్టుకోరు నాన్నా. కొట్టుకోవడమే.”

“అయితే సౌండ్ పెంచు.”

అప్పుడు రెండు నిమిషాల్లో కథ చెప్పాను. ఆల్ జపాన్ అనే కంపెనీ, దాని యజమాని జెయింట్ బాబా. అందులో పెద్ద తలకాయ జంబో, వయసు ముప్పై తొమ్మిది, 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో కుస్తీ పట్టినవాడు. ఆయనకు సరిజోడు టెన్ర్యూ ఆ ఏడాదే కొత్త కంపెనీకి వెళ్లిపోయాడు. జంబో ఎదుట నిలబడే మనిషి లేడు. మిసావాకి అప్పుడు ఇరవై ఏడు. 1984 నుంచి టైగర్ మాస్క్ అనే పులి ముసుగులో ఆడుతున్నాడు, ఆ పేరు కూడా తనకంటే ముందు ఇంకొకాయన సంపాదించి పెట్టిందే. మే 14న మ్యాచ్ మధ్యలో, తన జట్టువాడు కవాడాతో ముసుగు తాళ్లు విప్పించుకుని తీసి పారేశాడు. ఆ తర్వాత నెల తిరక్కుండానే ఈ మ్యాచ్.

నాన్న ఇంకేం అడగలేదు. హాలంతా ‘మి-సా-వా, మి-సా-వా’ అని అరుస్తోంది. నేను కూడా అందరిలాగే ఆ పచ్చ ప్యాంటు కుర్రాడినే చూస్తున్నాను. పది నిమిషాలయ్యాక నాన్న అన్నాడు:

“ఆ పొడుగాయన్ని చూడు. దెబ్బ తగిలితే నొప్పి కాదు, చిరాకు పడుతున్నాడు.”

వెనక్కి జరిపి మళ్లీ చూశాను. నిజమే. మిసావా మోచేత్తో కొట్టిన ప్రతిసారీ జంబో మొహంలో ‘నువ్వా నన్ను?’ అన్నట్టు ఉంది. అంతకుముందు నాలుగైదుసార్లు చూశాను ఈ మ్యాచ్, ఒక్కసారి కూడా ఆ మొహం పట్టించుకోలేదు.

“డిపోలో మా మేస్త్రి ఒకాయన ఉండేవాడు. కొత్తగా వచ్చిన కుర్రాడు ఇంజన్ శబ్దం విని రోగం చెప్పేస్తే ఇదే మొహం పెట్టేవాడు. ఆ రోజంతా ఆ కుర్రాడికి నరకమే.”

సరిగ్గా అదే జరుగుతుంది మ్యాచ్‌లో. జంబో ఆ కుర్రాణ్ణి ఎక్కడా చూసీ చూడనట్టు వదిలెయ్యడు. ఇక్కడే నాకు ఒక గట్టి అభిప్రాయం ఏర్పడింది, ఎవరు కాదన్నా మార్చుకోను. ఈ మ్యాచ్‌కి పేరొచ్చింది మిసావాకి, మ్యాచ్ ఆడించింది జంబో. ఆయన కాస్త మెత్తబడినా ఆ గెలుపుకి విలువ ఉండేది కాదు. నాన్న దాన్ని ఇంకోలా చెప్పాడు. వాళ్ల ఊళ్లో కురుక్షేత్రం నాటకం వేస్తే తెల్లారేదాకా కూర్చునేవాడట. “తొడ విరుగుతుందని పిల్లాడికి కూడా తెలుసు కదరా. దుర్యోధనుడి వేషం వేసినోడు గట్టోడైతేనే జనం కదలకుండా కూర్చునేది.” ఇన్నేళ్లూ నన్ను ‘దొంగ దెబ్బలు’ అని ఏడిపించిన మనిషి ఈయనే!

చివరికి జంబో తన పేరుమోసిన బ్యాక్‌డ్రాప్ కోసం పట్టుకుంటాడు, అంటే వెనక నుంచి నడుం పట్టి ఎత్తి వెనక్కి పడేసే పట్టు. పాతతరం అమెరికా ఛాంపియన్ లూ థెజ్ దగ్గర నేర్చుకున్నాడు దాన్ని. దాన్నే మిసావా తిప్పికొట్టి మీద పడి అదిమేస్తాడు. రిఫరీ మూడు లెక్కపెట్టడం అయిపోతుంది, మిసావా గెలిచాడు. ఆ తర్వాత హాలు చేసే శబ్దం నేను రాయలేను, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. మిసావా ఏడుస్తాడు. ఆ రోజు జనం మిసావా కోసం ఎగబడటం చూసి బాబా అప్పటికప్పుడు ఫలితం మార్చేశాడని చెబుతారు. నేను పూర్తిగా నమ్ముతాను. ఆ అరుపులు విన్న ఏ యజమానైనా మార్చేస్తాడు.

అందుకే రీల్స్‌లో దీన్ని చూడొద్దు. 24 నిమిషాలని ముక్కలు కోసి, కింద ఏదో డప్పు పాట తగిలిస్తారు. హాలు శబ్దం తీసేశాక అందులో మిగిలేదేముంది? ఇంకో బాధ, రివ్యూలు రాసేవాళ్లు మ్యాచ్‌లకి ఇచ్చే ఈ స్టార్ల పిచ్చి. దేనికి ఐదు స్టార్లు, దేనికి నాలుగున్నర అని జాబితా పెట్టుకుని చూసేవాళ్లున్నారు. మా బావమరిది ఒకడు, స్టార్లు చెప్పనిదే ప్లే నొక్కడు. 1994 జూన్ 3న మిసావా, కవాడా ఆడిన 35 నిమిషాల మ్యాచ్‌తో మొదలుపెట్టమని కూడా మీకు చాలామంది చెబుతారు. గొప్పదే, కాదనను. కానీ వాళ్లిద్దరూ ఒకే స్కూలు, కవాడా ఒక ఏడాది జూనియర్, నాలుగేళ్ల కిందట అదే చేత్తో ముసుగు విప్పాడు. ఇవన్నీ మనసులో ఉంటేనే అది ఎక్కుతుంది. మొదటిరోజే పెట్టుకుంటే ఇద్దరు తన్నుకుంటున్నట్టే ఉంటుంది.

భాష రాదని దిగులు వద్దు. కామెంటరీ అర్థం కాకపోవడమే మేలు, కళ్లు జంబో మొహం మీద ఉంటాయి.

మర్నాడు కాఫీ ఇస్తుంటే నాన్న అడిగాడు, “ఆ పెద్దాయన ఊరుకున్నాడా?”

“లేదు. సెప్టెంబరు 1న అదే హాల్లో మళ్లీ ఆడారు. ఈసారి ఆయనే గెలిచాడు, ఆ బ్యాక్‌డ్రాప్‌తోనే.”

“నాకు తెలుసు” అని కాఫీ గ్లాసు పక్కన పెట్టి, “అదీ పెట్టు” అన్నాడు. పొద్దున్న ఏడు కూడా కాలేదు.